సింగరాయకొండ రన్‌వే ఎవరి పద్దులో ఉంది? రక్షణ బడ్జెట్‌లో పార్లమెంటుకు కనిపించేది, కనిపించనిది

కావలి దాటి ఒంగోలు వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే సింగరాయకొండ దగ్గర రోడ్డు ఉన్నట్టుండి వెడల్పవుతుంది. వంకర లేకుండా సాగే ఆ బాటను యుద్ధమో తుపానో వచ్చినప్పుడు వాయుసేన విమానాలు దిగడానికి కట్టారు. ఇలాంటిదే మరొకటి ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనే కొరిశపాడు, రేణంగివరం మధ్య ఉంది. అక్కడ 2022 డిసెంబర్‌లోనూ, 2024 మార్చిలోనూ వాయుసేన ట్రయల్స్ చేసింది.

మరి ఈ రోడ్డు కట్టిన ఖర్చు రక్షణ బడ్జెట్‌లో ఎక్కడుంది? అక్కడ వెతికితే దొరకదు. కట్టించింది జాతీయ రహదారుల సంస్థ. ఖర్చు రోడ్డు రవాణా శాఖ కిందికి వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. రోజూ దాని మీద తిరిగేవి లారీలూ బస్సులే కదా. కాకపోతే రక్షణ బడ్జెట్ గురించి మాట్లాడే ముందు ఒక సంగతి దీంతో తేలిగ్గా తెలుస్తుంది. డబ్బు ఏ పద్దులో రాశారనేదాన్ని బట్టే దాని గురించి ఎవరు, ఏ సంఘంలో, ఎప్పుడు అడగగలరో నిర్ణయమైపోతుంది. పార్లమెంటుకు రక్షణ ఖర్చు మీద ఉన్న అధికారం రాజ్యాంగంలో ఘనంగానే ఉంది. ఆ అధికారం ఆచరణలో ఎంత దూరం వెళ్తుందో మాత్రం ప్రభుత్వం ఇచ్చే కాగితం ఏ రూపంలో ఉందనేదాని మీద ఆధారపడి ఉంటుంది.

రాజ్యాంగం చెప్పేది సూటిగా ఉంటుంది. చట్టం లేకుండా సంచిత నిధి నుంచి, అంటే ప్రభుత్వ ఖజానా నుంచి, రూపాయి కూడా తీయకూడదు. 112వ అధికరణం ప్రకారం ప్రభుత్వం ఏటా లెక్కను పార్లమెంటు ముందు పెట్టాలి. 113 ప్రకారం శాఖలవారీగా పద్దులు లోక్‌సభ ఓటుకు రావాలి. 114 ప్రకారం ద్రవ్య వినిమయ బిల్లు పాస్ కావాలి. రక్షణ శాఖకు దీని నుంచి మినహాయింపు లేదు.

2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు ఇచ్చింది 6,81,210 కోట్ల రూపాయలు. ఇది ఒకే ముద్దగా రాదు, నాలుగు పద్దులుగా వస్తుంది. ఆ నాలుగూ ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తిరిగినా కనిపిస్తాయి. కృష్ణపట్నంలో ఉన్న కోస్ట్ గార్డ్ స్టేషన్ సంగతి చూడండి. నావికాదళం లాగే ఓడలు, యూనిఫాం, తుపాకులు ఉన్నా, కోస్ట్ గార్డ్ ఖర్చు వచ్చేది రక్షణ శాఖ ‘సివిల్’ పద్దులో. సరిహద్దు రోడ్ల సంస్థ కూడా అందులోనే. ఆ పద్దు మొత్తం 28,683 కోట్లు. మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి సైన్యంలోకి వెళ్లిన కుర్రాళ్ల జీతాలు, వాళ్ల రేషన్, బళ్ల డీజిలు, మరమ్మతులు రెవెన్యూ పద్దులోవి, 3,11,732 కోట్లు. రిటైరై ఊరికొచ్చి, ఏటా రక్షణ పింఛన్ల స్పర్శ్ పోర్టల్లో లైఫ్ సర్టిఫికెట్ పెట్టే టెన్షన్‌తో తిరిగే మాజీ సైనికుల పింఛను మరో పద్దు, 1,60,795 కోట్లు. ఇది 34 లక్షల మందికి పైగా అందే సొమ్ము. ఇక మిగిలింది 1,80,000 కోట్ల మూలధన పద్దు. యుద్ధ విమానాలు, ఓడలు, క్షిపణులు, ట్యాంకులు కొనేది ఈ డబ్బుతోనే. కాబట్టి టీవీలో ‘రక్షణకు దాదాపు ఏడు లక్షల కోట్లు’ అని స్క్రోలింగ్ వస్తే, ఆయుధాలకు వెళ్లేది అందులో పావు వంతు చిల్లర అని లెక్క వేసుకోవాలి.

ఆ పావు వంతులోకి దిగితేనే అసలు చిక్కు మొదలవుతుంది. మూలధన పద్దును తెరిస్తే తేజస్ అనో, ఫలానా జలాంతర్గామి అనో, ఫలానా క్షిపణి అనో పేరు పెట్టి వరుసలు ఉండవు. ‘విమానాలు, విమాన ఇంజన్లు’ అని ఒక వరుస, ‘నౌకాదళ నౌకలు’ అని ఒక వరుస, ‘భారీ, మధ్యతరహా వాహనాలు’ అని ఒకటి. 2025-26లో మొదటిదానికి 48,614 కోట్లు, రెండోదానికి 24,390 కోట్లు. వీటన్నిటికన్నా పెద్ద వరుస ఏదో తెలుసా? ‘ఇతర పరికరాలు’. దానికి 63,099 కోట్లు! అతి పెద్ద ఖర్చుకు ‘ఇతర’ అని పేరు పెట్టిన పద్దు మీద ఎంపీ ఓటు వేయాలి. వరుస పేరు అబద్ధం కాదు, అంకె కూడా అబద్ధం కాదు. కానీ ఒక ఆయుధం ఎప్పటికి రావాలి, మొదట ఎంతన్నారు, ఇప్పుడు ఎంతంటున్నారు అని తెలుసుకోవడానికి ఆ వరుస దేనికీ పనికిరాదు.

ఇల్లు కట్టించుకున్న ఎవరికైనా ఇది అర్థమవుతుంది. మేస్త్రి ప్రతి శనివారం ఇసుకకింత, కమ్మీకింత, కూలీలకింత అని పైసాతో సహా లెక్క చెబుతాడు, మనమూ డబ్బిస్తాం. లెక్కలో దొంగతనం లేకపోవచ్చు. కానీ ఉగాదికి గృహప్రవేశం అన్నవాడు దసరాకి కూడా స్లాబు వేయలేదన్న విషయం ఆ శనివారం చీటీలో ఎక్కడా కనపడదు. మన రక్షణ బడ్జెట్ ఇచ్చే లెక్క ఆ శనివారం చీటీయే. ఈ ఏడాది ఎంత నగదు కావాలో చెబుతుంది గానీ, ప్రాజెక్టు పుట్టినప్పటి నుంచి ఎంత దూరం వచ్చిందో చెప్పదు.

దీన్ని గట్టిగా అడగాల్సిన చోటు రక్షణ శాఖ స్థాయీ సంఘం. 1993లో శాఖలవారీ సంఘాలు పెట్టినప్పటి నుంచి నడుస్తోంది. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. బడ్జెట్ పెట్టాక సభకు విరామం ఇచ్చేది ఈ సంఘాలు పద్దులు పరిశీలించడానికే. రక్షణ శాఖ కార్యదర్శి, సైనిక ఉపాధిపతి స్థాయి అధికారులు వచ్చి ఎంపీల ఎదుట కూర్చుని జవాబు చెబుతారు. మీడియా ఉండదు, కెమెరాలు ఉండవు, కాబట్టి ఎంపీలు కూడా పార్టీ మాట కొంత పక్కన పెట్టి అడుగుతారు. నా లెక్కలో మన వ్యవస్థలో బాగా పనిచేసే భాగం ఇదే.

దానికి మంచి ఉదాహరణ 2018 మార్చి. బి.సి.ఖండూరీ అధ్యక్షతన ఉన్న సంఘం ముందు అప్పటి సైనిక ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ చెప్పిన సంగతి నివేదికలోకి వచ్చి దేశమంతా పాకింది. సైన్యం దగ్గరున్న పరికరాల్లో 68 శాతం పాతకాలానివి, 24 శాతం ఇప్పటి తరానివి, అత్యాధునికం అనదగ్గవి 8 శాతమే. అంతకన్నా ముఖ్యమైన అంకె ఇంకొకటి ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. ఆ ఏడాది సైన్యం ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే సంతకాలైపోయి నడుస్తున్న 125 పథకాలకు కట్టాల్సిన వాయిదాలే 29,033 కోట్లు. అంటే కొత్తది ఒక్కటి కొనకుండానే ఏడున్నర వేల కోట్లకు పైగా లోటు. బడ్జెట్ పుస్తకంలో ‘ఆధునికీకరణ’ అని కనిపించిన మొత్తం పాత బాకీలకే చాలదన్నమాట. ఈ విషయం పద్దుల పుస్తకంలో లేదు. ఒక అధికారి నోరు విప్పితే తెలిసింది.

సంఘం చెప్పింది, సరే. తర్వాత ఏమైంది? సంఘం సిఫార్సులు సలహాలే, ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. ‘తీసుకున్న చర్యల నివేదిక’ ఒకటి వస్తుంది. అందులో ‘పరిశీలనలో ఉంది’, ‘నోట్ చేసుకున్నాం’ అన్న మాటలు విరివిగా దొరుకుతాయి. ఈ సంఘాలను ఏడాదికోసారి తిరిగి వేస్తారు. రక్షణ కొనుగోళ్ల చిక్కు పట్టుబడేసరికి సభ్యుడు మారిపోతాడు. ఖండూరీ స్థానంలో కూడా అదే ఏడాది సెప్టెంబర్‌లో కల్‌రాజ్ మిశ్రా వచ్చారు.

సభలో చర్చ పరిస్థితి ఇంకా తీసికట్టు. అన్ని శాఖల పద్దులూ చర్చించే టైం ఉండదు గనుక ఏటా కొన్ని శాఖలను ఎంచుకుంటారు. మిగతావి చివరి రోజు ‘గిలెటిన్’ కింద చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెడతారు. గొడవల మధ్య 2018 మార్చిలో ఏ ఒక్క శాఖ మీదా చర్చ జరగలేదు, మొత్తం బడ్జెట్ దాదాపు అరగంటలో పాసైపోయింది. 2023 మార్చిలో కూడా 45 లక్షల కోట్ల బడ్జెట్ చర్చ లేకుండానే నిమిషాల్లో గట్టెక్కింది. అధికారపక్షం, ప్రతిపక్షం రెండూ దీనికి బాధ్యులే. సభను అడ్డుకున్న రోజు ప్రతిపక్షం కోల్పోయేది తన చేతిలోని ఆయుధాన్నే. పద్దులో వంద రూపాయలు తగ్గించండి అని కోత తీర్మానం పెట్టి, ఆ వంద రూపాయల సాకుతో ఒక ప్రాజెక్టు మీద మంత్రిని నిలబెట్టి అడిగే అవకాశం ఉంది. సభ నడిస్తేనే అది పనికొస్తుంది.

ఫిబ్రవరిలో చెప్పిన అంకెకూ చివరికి ఖర్చయిన అంకెకూ తేడా కూడా గమనించాలి. 2024-25లో మూలధన పద్దుకు మొదట 1,72,000 కోట్లు అన్నారు. ఏడాది తిరిగేసరికి సవరించిన అంచనా 1,59,500 కోట్లకు దిగింది. అంటే 12,500 కోట్లు ఖర్చు పెట్టలేకపోతున్నామని ఒప్పుకోవడం. డబ్బు చాలదన్న ఫిర్యాదు, ఇచ్చిన డబ్బు మిగిలిపోయిందన్న వార్త రెండూ నిజమే కావడం వింతగా ఉంటుంది. కొనుగోలు ఫైలు ఏళ్ల తరబడి కదిలి సంతకం ఆలస్యమైతే ఆ ఏడాది డబ్బు మార్చి 31తో మురిగిపోతుంది, తర్వాతి ఏడాది మళ్లీ అడగాలి. దీనికి మందుగా మురిగిపోని నిధి పెట్టాలని 2004 మధ్యంతర బడ్జెట్‌లోనే అప్పటి ఆర్థిక మంత్రి జశ్వంత్ సింగ్ 25,000 కోట్ల రక్షణ ఆధునికీకరణ నిధి ప్రకటించారు. అది ఆచరణలోకి రాలేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 2.38 లక్షల కోట్ల అంచనాతో అలాంటి నిధినే మళ్లీ సూచించింది. నిధి మంచిదే, కానీ దానికి ఇంకో పక్క ఉంది. డబ్బు ఏటా మురిగిపోకపోతే ప్రభుత్వం ఏటా పార్లమెంటు గడప తొక్కి అడగాల్సిన అవసరమూ తగ్గుతుంది. నిధి పెట్టేవాళ్లు ప్రాజెక్టువారీ లెక్కను కూడా దానితో ముడిపెట్టకపోతే పార్లమెంటు చేతిలో ఇప్పుడున్న కాస్త పట్టు కూడా జారిపోతుంది.

ఖర్చయ్యాక చూసేది కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే రాజ్యాంగ సంస్థ. 151వ అధికరణం కింద కాగ్ నివేదికలు రాష్ట్రపతి ద్వారా పార్లమెంటుకు వస్తాయి. వాటిని ప్రజా పద్దుల సంఘం, అంటే పీఏసీ, పరిశీలిస్తుంది. 22 మంది సభ్యులు, 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడికే అధ్యక్ష స్థానం ఇచ్చే ఆనవాయితీ. శనివారం చీటీలో కనపడనిది కాగ్ నివేదికలో కనపడుతుంది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ప్రాజెక్టుల మీద 2022 డిసెంబర్‌లో పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదికనే తీసుకోండి. పరిశీలించిన 178 ప్రాజెక్టుల్లో 119 మొదట చెప్పిన గడువు దాటాయి. 49 ప్రాజెక్టులకు మొదటి గడువుకు రెట్టింపును మించిన సమయం పట్టింది. విజయవంతం అని ప్రకటించిన 86 ప్రాజెక్టుల్లో 20, అనుకున్న ముఖ్య లక్ష్యాల్లో ఒకటో, అంతకన్నా ఎక్కువో నెరవేరకుండానే ఆ ముద్ర వేయించుకున్నాయి. ఆ ఇరవై విలువ 1,074.67 కోట్లు.

కొత్త పరిశోధనలో ఆలస్యం సహజమే. ప్రపంచంలో ఎక్కడా క్షిపణి ముహూర్తం ప్రకారం పుట్టదు. అందుకని డీఆర్‌డీవోను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ఆ సంస్థకు 2025-26లో ఇచ్చిన 26,817 కోట్లు మన మొత్తం రక్షణ బడ్జెట్‌లో నాలుగు శాతం కూడా లేవు. అడగాల్సింది ఏమిటంటే, ఆ 119 ప్రాజెక్టుల ఆలస్యం జరుగుతున్నప్పుడే ఏటా పార్లమెంటుకు ఎందుకు తెలియలేదు? ఆ సమాచారం డీఆర్‌డీవో దగ్గర ఉంది, రక్షణ శాఖ దగ్గర ఉంది. గడువు పెంచిన ప్రతిసారీ ఒక ఫైలు మీద ఎవరో సంతకం పెట్టారు. పార్లమెంటుకు మాత్రం ఆడిటర్ వచ్చి తవ్వితే గానీ, అది కూడా అంతా జరిగిపోయిన తర్వాత గానీ చేరలేదు.

రహస్యం అంటారు. ఈ జవాబును తేలిగ్గా తీసేయలేం. చైనా, పాకిస్తాన్ కూడా మన పార్లమెంటు కాగితాలు చదువుతాయి. ఏ రాడార్ ఎంత దూరం చూస్తుందో, ఏ స్థావరంలో ఎన్ని క్షిపణులున్నాయో సభలో చెప్పమని ఏ బుద్ధిమంతుడూ అడగడు. కానీ రహస్యం అన్న మాటను ధర మీద కూడా కప్పడం మొదలైతే ఎక్కడికి పోతుందో ఫ్రాన్స్ నుంచి కొన్న రఫేల్ యుద్ధ విమానాల వ్యవహారం చూపించింది. 2018 డిసెంబర్ 14న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ధర వివరాలు కాగ్‌కు ఇచ్చారనీ, కాగ్ నివేదికను పీఏసీ పరిశీలించిందనీ, కొంత భాగమే పార్లమెంటు ముందు పెట్టారనీ రాశారు. అప్పటికి కాగ్ నివేదిక రానే లేదు. పీఏసీ అధ్యక్షుడు మల్లికార్జున ఖర్గే నేను చూడలేదన్నారు. మర్నాడే ప్రభుత్వం, మేమిచ్చిన నోట్‌లోని వాక్యాన్ని అపార్థం చేసుకున్నారు, అది పద్ధతి గురించి చెప్పిందే అంటూ తీర్పులో సవరణ కోరింది. పార్లమెంటు చూసిందా లేదా అన్నదే అత్యున్నత న్యాయస్థానానికి తప్పుగా అర్థమయ్యేంత మసకగా ఉంది మన పద్ధతి!

చివరికి కాగ్ నివేదిక 2019 ఫిబ్రవరి 13న సభ ముందుకొచ్చింది. 16వ లోక్‌సభకు అదే ఆఖరి రోజు. ఒప్పందం అంతకుముందు చర్చల్లో ఉన్నదాని కన్నా 2.86 శాతం చవక అని తేల్చింది గానీ, అసలు ధరల దగ్గర అంకెల బదులు అక్షరాలు ఉన్నాయి. శాతం కనిపిస్తుంది, దేనిలో శాతమో కనిపించదు. ఆ నివేదిక మీద చర్చించడానికి ఆ సభకు మర్నాడు లేదు.

అమెరికాలో దీనికి వేరే దారి పట్టారు. అక్కడ పెద్ద ఆయుధ ప్రాజెక్టులకు ప్రాజెక్టువారీ నివేదిక వాళ్ల పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు వెళ్తుంది, మొదటి అంచనా, ఇప్పటి అంచనా, గడువు పక్కపక్కన పెట్టి. 1982లో నన్, మెకర్డీ అనే ఇద్దరు సభ్యుల పేరున వచ్చిన నిబంధన ఇంకొంచెం ముందుకు వెళ్లింది. ఒక్కో ఆయుధానికి పడే ఖర్చు ఆమోదం పొందిన అంచనా కన్నా 15 శాతం దాటితే కాంగ్రెస్‌కు చెప్పాలి. 25 శాతం దాటితే, ఇది దేశ భద్రతకు తప్పనిసరి అని రక్షణ మంత్రి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, లేకపోతే ప్రాజెక్టు రద్దు. 2024లో సెంటినెల్ అనే ఖండాంతర క్షిపణి ఈ గీత దాటింది. జులైలో లెక్క తేలేసరికి ఖర్చు 81 శాతం పెరిగి దాదాపు 14,100 కోట్ల డాలర్లకు చేరింది. రద్దు చేశారా? చేయలేదు, తప్పనిసరి అని ధ్రువీకరించి కొనసాగించారు. కాబట్టి చట్టం ఉంటే ఖర్చు ఆగుతుందని భ్రమ పడక్కర్లేదు. అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ 2018లో మొదలుపెట్టిన పూర్తి స్థాయి ఆడిట్‌లో 2024 వరకు ఏడుసార్లూ ఫెయిలైంది కూడా. అయినా అణు క్షిపణి ప్రాజెక్టు ఎంత శాతం పెరిగిందో వాళ్ల పౌరుడికి పేపర్లో తెలిసింది. రష్యాకు తెలిసిపోతుందని అమెరికా దాచలేదు. ఖర్చు, గడువు చెప్పినంత మాత్రాన క్షిపణి రహస్యం బయటపడదని వాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు.

మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఈ మధ్య ఎక్కువ వినపడే పేరు దొనకొండ. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉన్న ఆ ఊరి పేరు క్షిపణులు, ఆయుధ సామగ్రి తయారీ కేంద్రంగా ప్రభుత్వ ప్రకటనల్లో వస్తోంది. రేపు అక్కడ ప్రభుత్వ రంగ రక్షణ సంస్థ ఏదైనా ఫ్యాక్టరీ పెడితే దాని పెట్టుబడి రక్షణ పద్దుల్లో కనపడకపోవచ్చు, ఎందుకంటే కంపెనీలు తమ ఖాతాల నుంచి పెట్టుకుంటాయి. వాటిని చూసేది స్థాయీ సంఘం మాత్రమే కాదు, ప్రభుత్వ రంగ సంస్థల సంఘం అనే మరో సంఘం కూడా. 2021 అక్టోబర్ 1న ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు కంపెనీలుగా మార్చినప్పుడు ఇదే జరిగింది. అప్పటిదాకా రక్షణ పద్దులో కనిపించిన లెక్క కంపెనీల బ్యాలెన్స్ షీట్లలోకి వెళ్లింది. సింగరాయకొండ రోడ్డు ఒక శాఖలో, కృష్ణపట్నం గస్తీ ఓడ ఇంకో పద్దులో, దొనకొండ ఫ్యాక్టరీ మూడో చోట. అన్నిటినీ కలిపి చూసే కాగితం ఒక్కటీ లేదు.

నా మటుకు నేను కొత్త చట్టం కూడా అడగను. వంద కోట్లో, ఐదొందల కోట్లో ఒక గీత గీసి, ఆ పైన ఉన్న ప్రతి ప్రాజెక్టుకూ మంజూరైన ఏడాది, అప్పటి ఖర్చు, అప్పటి గడువు, ఇప్పటి ఖర్చు, ఇప్పటి గడువు అని ఒక పట్టిక బడ్జెట్ పత్రాలతో పాటు పెడితే చాలు. నిజంగా రహస్యమైన వాటిని స్థాయీ సంఘానికి మూసిన తలుపుల వెనుక ఇవ్వొచ్చు.

ఆ పట్టిక వచ్చేదాకా ఉన్న దారి, సభలో ఎంపీ అడిగే ప్రశ్న. సమాచార హక్కు చట్టం ఇక్కడ అంతగా ఉపయోగపడదు. డీఆర్‌డీవో ఆ చట్టం రెండో షెడ్యూల్లో ఉంది, అవినీతి, మానవ హక్కుల ఆరోపణలకు తప్ప జవాబు ఇవ్వక్కర్లేదు. లోక్‌సభలో మాత్రం ప్రశ్నల రోజున మంత్రి నోటితో జవాబిచ్చే నక్షత్ర గుర్తువి 20, రాతపూర్వక జవాబొచ్చే గుర్తు లేనివి 230 దాకా తీసుకుంటారు. పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నెల్లూరు, ఒంగోలు ఎంపీలను కలిసే మాజీ సైనికుల సంఘాలు, విద్యార్థులు పింఛను, రిక్రూట్‌మెంట్ ర్యాలీ గురించే అడుగుతుంటారు. అవి అడగాల్సినవే, వాటితో పాటు ఇదొకటి రాసి ఇవ్వొచ్చు. అయితే ‘మన సైన్యం సన్నద్ధంగా ఉందా’ అని రాస్తే ‘సన్నద్ధత నిరంతర ప్రక్రియ’ అని జవాబొస్తుంది. ఒక ప్రాజెక్టు పేరు రాసి, మొదట ఎప్పుడు, ఎంతకు మంజూరైంది, గడువు ఎన్నిసార్లు పెంచారు, ప్రతిసారీ పెంచడానికి ఆమోదం ఇచ్చింది ఏ స్థాయి అధికారి అని నాలుగు ముక్కలుగా అడిగితే తప్పించుకోవడం కష్టం. ఇవ్వలేమంటే, ఏ ముక్కకు ఎందుకు ఇవ్వలేరో రాయాల్సి వస్తుంది. ఆ జవాబు సభా రికార్డులోకి ఎక్కుతుంది.